ఉచితంగా పెట్టిన రచన ఎవరి చేతిలో ఉంటుంది?

2009లో ఆండీ వీర్ అనే కంప్యూటర్ ప్రోగ్రామర్ తన సొంత వెబ్‌సైటులో ఒక నవలను అధ్యాయాలవారీగా పెట్టడం మొదలుపెట్టాడు. అంగారక గ్రహం మీద ఒంటరిగా మిగిలిపోయిన వ్యోమగామి కథ అది. చదివినవారిని పైసా అడగలేదు. పాఠకుల్లో శాస్త్రం తెలిసినవారు లెక్కల్లో తప్పులు చూపిస్తే దిద్దుకున్నాడు. నవల పూర్తయ్యాక కొందరు దాన్ని అమెజాన్ ఇ-పుస్తకాల వేదిక కిండిల్‌లో చదువుకునేలా పెట్టమని కోరారు. అక్కడ ఉచితంగా పెట్టే వీలు లేకపోవడంతో వీలైనంత తక్కువ ధర, 99 సెంట్లు, పెట్టాడు. వెబ్‌సైటు నుంచి ఉచితంగా దించుకున్నవారి కంటే డబ్బిచ్చి కొన్నవారే ఎక్కువయ్యారు. ఆ నవలే ‘ది మార్షియన్’. 2014లో పెద్ద ప్రచురణ సంస్థ దాన్ని అచ్చువేసింది, 2015లో సినిమాగా వచ్చింది.

రచనలను ఉచితంగా అందుబాటులో పెట్టడం మంచిదా కాదా అనే చర్చ వచ్చిన ప్రతిసారీ ఈ ఉదంతం ముందుకొస్తుంది. ఉచితంగా ఇస్తూ పోతే ఎప్పటికో ఒకప్పటికి కాలం కలిసివస్తుందని చెప్పడానికే దీన్ని ఎక్కువగా వాడుకుంటారు. అలా చెప్పడంలో రెండు సంగతులు మరుగున పడిపోతున్నాయి. ఒకచోట ఉచితంగా దొరుకుతున్న నవలనే మరోచోట జనం ధర ఇచ్చి కొన్నారు. అంటే అప్పటిదాకా వారిని ఆపినది ధర కాదు. అలాంటి నవల ఒకటుందని తెలియకపోవడం, తెలిసినా తమకు అలవాటైన చోట దొరకకపోవడం వారిని ఆపాయి. ఇక రెండో సంగతి, అచ్చు ప్రచురణకర్త వెతుక్కుంటూ వచ్చే నాటికి ఆ నవలను అచ్చువేసే హక్కు రచయిత దగ్గరే ఉంది. ఎవరినైనా చదువుకోనిచ్చాడు గానీ ఉచితంగా చదివినవారికి ఏ హక్కూ రాసివ్వలేదు. పాఠకుడు ఏ దారిన వస్తున్నాడు, హక్కు ఎవరి దగ్గర మిగిలింది అనే ఈ రెండు ప్రశ్నలూ వేసుకోకుండా ఉచితం గురించి ఎంత మాట్లాడినా అది నమ్మకాల గురించి మాట్లాడటమే అవుతుంది.

ఇంకో మాట. అదే పద్ధతిలో అధ్యాయాలు పెట్టి, అంతే శ్రద్ధగా రాసి, పాతికమంది పాఠకుల దగ్గర ఆగిపోయినవారి గురించి ఎక్కడా వార్త రాదు. గెలిచినవారి కథలే వినిపిస్తాయి కాబట్టి వాటిలోంచి సూత్రం లాగడం ప్రమాదం.

ఉచితం అన్నది ఒక్క మాటే అయినా దాని వెనక చాలా అనుమతులున్నాయి. చదువుకోనివ్వడం, నకలు తీసుకోనివ్వడం, మార్చుకోనివ్వడం, అమ్ముకోనివ్వడం వేటికవే. మొదటిది ఇచ్చినంత మాత్రాన మిగతావి ఇచ్చినట్టు కాదు. 1886లో బెర్న్ నగరంలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం, దానికి తర్వాత జరిగిన సవరణల ప్రకారం రచన పుట్టిన క్షణం నుంచే కాపీరైట్ రచయితది. నమోదు చేయించుకోనవసరం లేదు, పేజీ అడుగున ప్రత్యేకమైన గుర్తేదీ పెట్టనవసరం లేదు. ‘నెట్‌లో ఉంది కదా, అందరిదీ’ అనే మాట చట్టం ముందు నిలవదు. 1971లో మైకేల్ హార్ట్ మొదలుపెట్టిన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో వేలాది పాత పుస్తకాలు ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిలో అత్యధిక భాగానికి కాపీరైట్ గడువు తీరిపోయింది, అందుకే అవి అందరివీ అయ్యాయి. నిన్న రాత్రి ఒక రచయిత ఉచితంగా పెట్టిన కథకు ఆ గడువు తీరడానికి ఇంకా చాలా కాలం ఉంది. ఈ తేడా తెలియని పాఠకుల కంటే తెలియని రచయితలు ఉండటం ఎక్కువ బాధ కలిగించే విషయం. తమ రచనను ఎవరో పుస్తకంలో వేసుకుంటే, ఉచితంగా పెట్టినందుకు ఇక అడిగే హక్కు లేదనుకుని ఊరుకునేవారు ఎందరో ఉన్నారు.

ఏది ఇస్తున్నామో, ఏది ఇవ్వడం లేదో ముందే రాసిపెట్టే సాధనం 2002 డిసెంబరులో వచ్చింది. అవే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు. రచయిత పేరు చెప్పాలి, వ్యాపారానికి వాడకూడదు, మార్పులు చేయకూడదు, మార్పులు చేసి ప్రచురిస్తే అదే లైసెన్సుతో ఇవ్వాలి అనే నాలుగు షరతులను రకరకాలుగా కలిపితే ఇప్పుడు వాడుకలో ఉన్న ఆరు ప్రధాన లైసెన్సులూ ఏర్పడతాయి. అవి వచ్చిన మరుసటి నెలలోనే, 2003 జనవరిలో, కోరీ డాక్టరో తన తొలి నవలను అచ్చు పుస్తకంతో పాటే ఉచిత ఇ-పుస్తకంగా ఇలాంటి లైసెన్సుతో విడుదల చేశాడు. దుకాణంలో పుస్తకం, తెర మీద అదే పుస్తకం ఉచితంగా. ఈ లైసెన్సులను ఎంచుకునేటప్పుడు చాలామంది గమనించని చిక్కులు రెండున్నాయి. ‘మార్పులు చేయకూడదు’ అనే షరతు తన వాక్యాలను ఎవరూ పాడుచేయకుండా కాపాడుతుందని రచయిత అనుకుంటాడు. కానీ చట్టం దృష్టిలో అనువాదం కూడా మార్పే, నాటకీకరణా మార్పే. ఆ షరతు పెట్టిన కథను వేరే భాషలోకి తెచ్చి ప్రచురించాలంటే మళ్లీ రచయిత అనుమతి కావాలి. ఇక ఒకసారి ఇచ్చిన లైసెన్సును వెనక్కి తీసుకోవడం కుదరదు. రేపు రచయిత తన పేజీని తొలగించవచ్చు, లైసెన్సును ఇవ్వడం మానేయవచ్చు. అప్పటికే ఆ ప్రతిని పొందినవారి హక్కు మాత్రం గడువు తీరేదాకా నిలిచే ఉంటుంది. ఆవేశంలోనో ఔదార్యంలోనో పెట్టే గుర్తు కాదది. పత్రం మీద చేసే సంతకంతో సమానం.

దొంగకాపీల కంటే ఎవరికీ తెలియకపోవడమే రచయితకు పెద్ద ప్రమాదమని ప్రచురణకర్త టిమ్ ఓరైలీ 2002లో రాసిన వ్యాసం ఉచితానికి అనుకూలంగా ఇప్పటికీ వినిపించే గట్టి వాదన. అది ఆ కాలానికి సరిపోయింది. రచయితే స్వయంగా ఒక కొత్త నవల మొత్తాన్ని ఉచితంగా ఇవ్వడం అప్పట్లో దానికదే వార్త. ఇప్పుడు ఉచితం వార్త కాదు. ఒక మనిషి జన్మంతా చదివినా తరగనంత సాహిత్యం ఫోనులో ఉచితంగా ఉంది, దానికి రోజూ కొత్తది తోడవుతోంది. పాఠకుడి దగ్గర లేనిది తీరిక. ధర తగ్గించడం వల్ల కలిగే లాభం ఆ తీరిక దగ్గరికి వచ్చేసరికి ఆవిరైపోతుంది. సున్నా ధర ఉన్న వేలాది రచనల మధ్య సున్నా ధర ఉన్న మరో రచన ప్రత్యేకంగా కనిపించదు. దాన్ని చదివి, మరొకరికి ‘ఇది చదవండి’ అని చెప్పే పాఠకుడు కావాలి. అలాంటి పాఠకులు నలభైమంది ఉన్న రచయిత, లెక్కల్లో నాలుగు వేల వీక్షణలు కనిపించే రచయిత కంటే మెరుగైన స్థితిలో ఉన్నట్టే.

ఉచితానికీ నిర్ణీత ధరకూ మధ్య ‘చదివాక మీరే ఇవ్వండి’ అనే పద్ధతి ఒకటుంది. 2000లో స్టీఫెన్ కింగ్ ఒక ధారావాహికను భాగాలుగా నెట్‌లో పెట్టి దీన్ని పరీక్షించాడు. మొదట్లో భాగానికి ఒక డాలరు. దించుకున్నవారిలో కనీసం 75 శాతం చెల్లిస్తేనే కొనసాగిస్తానన్నాడు. మొదట్లో బాగానే ఇచ్చారు, పోనుపోను తగ్గింది, ఆరో భాగంతో ఆ ధారావాహిక ఆగిపోయింది. ప్రపంచమంతా పేరున్న రచయితకే భాగానికింత అనే లెక్క నిలవలేదు. 2013లో మొదలైన పేట్రియాన్ లాంటి వేదికల్లో వేరే లెక్క నడుస్తోంది. అక్కడ పాఠకుడు చదివిన భాగానికి వెల కట్టడు, రచయిత రాస్తూ ఉండాలని నెలనెలా ఇంత ఇస్తాడు. చదవడం చాలాచోట్ల అందరికీ ఉచితమే. కింగ్ ప్రయోగంలో చెల్లించని పాఠకుడు తప్పుచేసినవాడు, ఇక్కడ చెల్లించనివాడు కూడా మామూలు పాఠకుడే. ఎవరినీ దోషిని చేయని ఈ ఏర్పాటులోనే ఉచితమూ ఆదాయమూ కలిసి బతకగలుగుతున్నాయి. ఇదంతా జరగాలంటే ఆ పాఠకులను నేరుగా పలకరించే వీలు రచయితకు ఉండాలి.

చాలామందికి లేనిది ఆ వీలే. సొంత వెబ్‌సైటు నడపడం తలనొప్పి కాబట్టి ఎక్కువమంది ఎవరో కట్టిన వేదిక మీద రాస్తారు. వేదిక చోటిస్తుంది, పాఠకులను తెస్తుంది, అచ్చు కోసం ఎదురుచూపులు లేకుండా చేస్తుంది. మారుమూలన ఉన్న మనిషికి ఏ సంపాదకుడి పరిచయమూ లేకుండా తొలి పాఠకులను ఇచ్చింది ఇలాంటి వేదికలే. ఆ మేలు చిన్నది కాదు. ప్రతిగా ఏం తీసుకుంటుందో నియమావళిలో ఉంటుంది. సాధారణంగా కాపీరైట్ రచయితదేనని మొదట ధైర్యం చెబుతారు. ఆ తర్వాతి వాక్యంలో, రచనను ప్రపంచమంతటా ప్రదర్శించడానికి, రూపం మార్చడానికి, ఇతరులకు ఆ అనుమతి ఇవ్వడానికి ఎలాంటి రుసుమూ లేని లైసెన్సు తీసుకుంటారు. పేజీని చూపించడానికి కొంత అనుమతి నిజంగానే అవసరం. అవసరానికి మించి ఎంత అడిగారు, ఖాతా మూసేశాక కూడా అది కొనసాగుతుందా అన్నది చదివి తెలుసుకోవలసిందే. ఈ నియమావళిని పూర్తిగా చదివిన తర్వాత కథ పెట్టేవారు ఎందరు?

హఫింగ్టన్ పోస్ట్ అనే అమెరికా వార్తల సైటు ఉదంతం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. పారితోషికం లేకుండా రాసిన వేలాదిమంది రచనలు ఆ సైటును నిలబెట్టడంలో భాగమయ్యాయి. 2011లో ఏఓఎల్ సంస్థ దాన్ని 31.5 కోట్ల డాలర్లకు కొన్నది. రాసినవారికి అందులో ఏమీ రాలేదు. కొందరు తమ శ్రమకు వాటా కావాలని న్యూయార్క్ ఫెడరల్ న్యాయస్థానానికి వెళ్లారు. 2012లో కేసు కొట్టేశారు. డబ్బు రాదని తెలిసే రాశారు, మాట ప్రకారమే జరిగింది, ఇప్పుడు మాట మార్చలేరు అన్నది తీర్పు సారాంశం. చట్టపరంగా అందులో తప్పు పట్టడం కష్టం. అయినా ఆ తీర్పు మనసుకు సర్దిచెప్పదు. ఒకరు ప్రేమతో ఇచ్చినది మరొకరి ఖాతాలో ఆస్తిగా తేలింది. 2018లో ఆ సైటు అలాంటి ఉచిత వ్యాసాల విభాగాన్ని తన అమెరికా సంచికలో మూసేసింది. 2006లో మొదలైన కథల వేదిక వాట్‌ప్యాడ్ కూడా ప్రధానంగా ఉచితంగా రాసినవారి కథల మీదే పెరిగింది. 2021లో దాన్ని దక్షిణ కొరియాకు చెందిన ఇంటర్నెట్ సంస్థ నేవర్ 60 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్నది. ఆ వేదిక కొందరు రచయితలకు డబ్బు వచ్చే మార్గాలు, అచ్చు పుస్తకం, తెర అవకాశాలు చూపించింది నిజమే. ఆ అవకాశం ఎవరికి అనేది మాత్రం వేదిక చేతిలో ఉంటుంది.

ఇలా జరగడం అనివార్యం కాదని చెప్పే వేదిక ఒకటుంది. ఇష్టమైన కథల్లోని పాత్రలతో అభిమానులు అల్లే కొత్త కథలను అమ్మబోతే మూల హక్కుదారులతో పేచీ వస్తుంది కాబట్టి ఆ రచన మొదటి నుంచీ ఉచితంగానే నడిచింది. వాణిజ్య సైట్లు తమ కథలను ఎప్పుడు తీసేస్తాయో తెలియని పరిస్థితిలో ఆ రచయితలే లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడి, 2009 నవంబరులో ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ను అందరికీ తెరిచారు. ప్రకటనలు లేవు. విరాళాలతో, స్వచ్ఛంద శ్రమతో నడుస్తోంది. 2019లో దానికి సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రంగంలో ఇచ్చే హ్యూగో పురస్కారం వచ్చింది. అక్కడా ఎవరికీ పారితోషికం లేదు. కానీ ఉచితంగా ఇచ్చినదాన్ని పక్కన కూర్చుని అమ్ముకునేవారు కూడా లేరు. రచయితలను గాయపరిచేది డబ్బు రాకపోవడం కంటే, తమకు రాని డబ్బు తమ రచన మీద మరొకరికి రావడమేనని ఈ వేదికను, హఫింగ్టన్ పోస్ట్‌ను పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది.

ఉచితంగా ఇవ్వగలిగే స్థితి ఎవరికి ఉంటుందన్నది ఇంకా లోతైన ప్రశ్న. భౌతిక శాస్త్రవేత్తలు తమ పరిశోధన పత్రాలను 1991 నుంచి ఆర్కైవ్ (arXiv) అనే సర్వర్‌లో ఉచితంగా పెడుతున్నారు. పాల్ గిన్స్‌పార్గ్ దాన్ని మొదలుపెట్టాడు. అక్కడ ఉచితం సహజంగా ఒదిగిపోయింది, ఎందుకంటే ఆ రచనకు చాలావరకు విశ్వవిద్యాలయమో పరిశోధన సంస్థో ముందే జీతమిచ్చింది. పత్రం ఎంతమందికి చేరితే రాసినవారికి అంత మేలు. కథకుడికి ఆ జీతం లేదు. వేరే ఉద్యోగం ఉన్నవారు, ఇంట్లో ఆధారం ఉన్నవారు తీరిక వేళల్లో రాసి ఉచితంగా ఇవ్వగలరు. రాతే బతుకైనవారు ఇవ్వలేరు. మొదటివారు పెరిగేకొద్దీ రెండోవారిని ‘పారితోషికం ఇవ్వలేం గానీ మీ పేరు నలుగురికీ తెలుస్తుంది’ అని అడగడం పత్రికలకు సులువవుతుంది. ఉచితంగా రాసేవారిది తప్పని దీని అర్థం కాదు. తాము వదిలేసిన పారితోషికం సాటి రచయిత బేరమాడే శక్తిని కూడా తగ్గిస్తుందన్న ఎరుక ఉండాలి. లాభం చేసుకునే సంస్థ అడిగినప్పుడు డబ్బు అడగడం, పాఠకుడు అడిగినప్పుడు ఉచితంగా ఇవ్వడం రెండూ ఒకే మనిషి చేయవచ్చు. వాటిలో పొసగనిది ఏమీ లేదు.

తొలి ప్రచురణ విషయం క్లుప్తంగా. చాలా పత్రికలు, పోటీలు రచనతో పాటు హామీపత్రం అడుగుతాయి. ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదని అందులో రాయాలి. సామాజిక మాధ్యమాల్లో పెట్టినా ప్రచురితమైనట్టే లెక్కించే చోట్లు ఎక్కువ. ఉత్సాహంగా అర్ధరాత్రి పెట్టిన కథ తెల్లారేసరికి పోటీకి పనికిరాకుండా పోవచ్చు, తర్వాత తొలగించినా ఫలితం ఉండదు. పైగా ఆ తొందరలో ఒక మంచి సంపాదకుడి చేతిలో పడే అవకాశం కూడా పోతుంది. వెంటనే వచ్చే ‘అద్భుతం’ అనే స్పందన, రెండో పేజీలో కథ ఎందుకు కుంటుపడిందో చెప్పే సంపాదకుడి ఉత్తరానికి బదులు కాలేదు.

అన్నిటికంటే ఎక్కువగా రచయితలు నొచ్చుకునేది పేరు పోవడం దగ్గర. కథనో కవితనో నకలు తీసి, రచయిత పేరున్న చివరి వాక్యాన్ని కత్తిరించి, వాట్సాప్‌లో పంపేస్తారు. నాలుగు చేతులు మారాక అది ‘ఎవరో రాశారు, బాగుంది’ అవుతుంది, అయిదో చేతిలో మరొకరి పేరుతో తేలుతుంది. డబ్బు అడగని మనిషి అడిగింది ఆ ఒక్క పేరే. 1928లో రోమ్‌లో జరిగిన సవరణతో బెర్న్ ఒప్పందంలో నైతిక హక్కులు చేరాయి. ఆర్థిక హక్కులు అమ్మేసినా, ఈ రచన తనదని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుందని అవి చెబుతాయి. చట్టం ఉన్నా, ఫోను నుంచి ఫోనుకు పాకే అక్షరాల వెంట ఎవరూ పరుగెత్తలేరు. కొందరు శీర్షిక కిందే పేరు వేస్తున్నారు, కొందరు రచన పూర్తి పాఠం బదులు లింకు మాత్రమే పంచుకుంటున్నారు. లింకు పంచుకున్నప్పుడు పాఠకుడు రచయిత ఇంటికే వస్తాడు, అక్కడ మిగతా కథలూ కనిపిస్తాయి.

ఇప్పుడు మనిషి కాని చదువరి కూడా వచ్చాడు. మనిషిలా రాసే కృత్రిమ మేధ భాషా నమూనాలకు శిక్షణ ఇవ్వడానికి బహిరంగ వెబ్ పేజీలను భారీగా సేకరించారు. దానికి రచయిత అనుమతి కావాలా అన్నదాని మీద వివిధ దేశాల్లో వ్యాజ్యాలు నడిచాయి, నడుస్తున్నాయి. ఏ సైటులోని ఏ పేజీలను యంత్రాలు సేకరించకూడదో చెప్పే రోబోట్స్ టెక్స్ట్ అనే చిన్న ఫైలు పద్ధతి 1994 నుంచీ ఉంది. దాన్ని పాటించడం సేకరించేవారి మర్యాద మీద ఆధారపడిన విషయం. పైగా ఆ ఫైలు రాసే వీలు సైటు యజమానికే ఉంటుంది. ఇతరుల వేదిక మీద రాసే రచయిత తన కథ తలుపు దగ్గర ఆ కాగితం కూడా అంటించలేడు.

ఇలా చూసుకుంటూ పోతే అంతా దాచుకోవాలనే అనిపించవచ్చు. కానీ దాచుకున్న రచనకు ఇంకో ఆపద ఉంది. కాపీరైట్ రచయిత మరణించాక భారతదేశంలో 60 ఏళ్లు, యూరోపియన్ యూనియన్ దేశాల్లో 70 ఏళ్లు ఉంటుంది. సైటు చిరునామా అయిన డొమైన్ పేరుకు రుసుము మాత్రం గడువు తీరినప్పుడల్లా కట్టాలి. కట్టే మనిషి పోతే సైటు మూతపడుతుంది. సంకేతపదం ఎవరికీ తెలియదు. వారసులకు తమకు హక్కు ఉందనే సంగతి కూడా తెలియకపోవచ్చు. వేదికలదీ అదే గతి. జనం సొంత పేజీలు పెట్టుకున్న, కోట్ల పేజీలున్న జియోసిటీస్ 2009 అక్టోబరులో జపాన్‌లో తప్ప అంతటా మూతపడింది. అందులో కొంత భాగాన్ని స్వచ్ఛంద కార్యకర్తలు రాత్రింబవళ్లు నకలు తీసి దక్కించారు. 2019 ఏప్రిల్‌లో సామాజిక మాధ్యమం గూగుల్ ప్లస్ మూతపడినప్పుడు కూడా అలాగే పరుగెత్తవలసి వచ్చింది. నకలు తీయడానికి రచయిత ముందే లిఖితపూర్వకంగా అనుమతిచ్చిన రచన ఇలాంటి సమయంలో నిలుస్తుంది. దాన్ని ఏ గ్రంథాలయమైనా దాచవచ్చు, ఏ పాఠకుడైనా తన కంప్యూటర్‌లో ఉంచుకుని పదేళ్ల తర్వాత మళ్లీ పెట్టవచ్చు. అనుమతి లేని రచనను దాచాలనుకున్న మనిషి మాత్రం ఎవరిని అడగాలో తెలియక ఆగిపోతాడు. అందుకే కొందరు రచయితలు తమ సైటులో ఒక పేజీ పెట్టి, తమ తదనంతరం రచనలను ఎవరు చూసుకుంటారో, ఏ కథలను ఎవరైనా నకలు తీసి దాచుకోవచ్చో, వేటికి ఎవరిని అడగాలో బతికుండగానే రాసిపెడుతున్నారు.